జీతం పెరిగితే ట్యాక్స్ క్రెడిట్ బాకీ ఎలా పుడుతుంది? బ్రిటన్ లెక్క విప్పి చూస్తే

బ్రిటన్‌లో తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు సాయంగా ఇచ్చిన ట్యాక్స్ క్రెడిట్లు 2025 ఏప్రిల్ 5తో ముగిసిపోయాయి. డబ్బు రావడం ఆగింది కానీ పాత బాకీల వసూలు ఆగలేదు. ఎప్పటిదో ఒక సంవత్సరం పేరు చెప్పి, ‘ఆ ఏడాది మీకు ఎక్కువ చెల్లించాం, తిరిగి కట్టండి’ అని అడిగే ఉత్తరాలు ఇంకా ఉన్నాయి. వాటి స్థానంలో వచ్చిన యూనివర్సల్ క్రెడిట్ అనే సాయానికి మారినవాళ్లకు ఆ బాకీ నెలనెలా కోతగా కనిపిస్తోంది. ఈ ఉత్తరం అందుకున్నవాళ్లలో చాలామంది ఏదీ దాచినవాళ్లు కాదు. అడిగిన కాగితాలన్నీ పంపారు, ఏటా ఆదాయ వివరాలు చెప్పే రెన్యువల్ సమయానికి చేశారు. అయినా బాకీ పడ్డారు. తరచి చూస్తే చాలా కేసుల్లో కారణం ఒకటే: ఆ ఏడాది ఇంట్లో ఎవరికో జీతం పెరిగింది.

జీతం పెరగడానికీ ప్రభుత్వానికి బాకీ పడడానికీ సంబంధం ఏమిటన్నది బయటి నుంచి చూస్తే అంతుపట్టదు. అంకెలు వేసి చూస్తే మాత్రం అర్థమవుతుంది. ఈ బాకీలో ఎక్కువ భాగం ఎవరి తప్పు వల్లా వచ్చింది కాదు. నెలనెలా చెల్లించే డబ్బుకు ఏడాది చివర లెక్క చూసే పద్ధతిలోనే అది ఉంది.

ట్యాక్స్ క్రెడిట్ అంటే ఏమిటి, ఎవరికి వచ్చేది

మన దేశంలో టీడీఎస్ లెక్కలో కనిపించే ట్యాక్స్ క్రెడిట్‌కూ దీనికీ సంబంధం లేదు. బ్రిటన్‌లో ఇది తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ప్రభుత్వం బ్యాంకు ఖాతాలో వేసే సాయం. 2003 ఏప్రిల్‌లో రెండు రకాలుగా మొదలైంది. పనిచేస్తూ తక్కువ సంపాదించేవాళ్లకు వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్, పిల్లలున్నవాళ్లకు చైల్డ్ ట్యాక్స్ క్రెడిట్. రెండింటినీ నడిపింది పన్నుల శాఖే. ఆ శాఖకు 2005 నుంచి హెచ్‌ఎంఆర్‌సీ అని పేరు.

స్టూడెంట్ వీసా, స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవాళ్లకు సాధారణంగా ఇలాంటి ప్రభుత్వ సాయం తీసుకునే హక్కు ఉండదు. కాబట్టి అక్కడి తెలుగువాళ్లలో ఈ గొడవ ప్రధానంగా శాశ్వత నివాస అనుమతి గానీ పౌరసత్వం గానీ వచ్చిన కుటుంబాలకు సంబంధించినది. కేర్ హోముల్లో, షాపుల్లో, గోదాముల్లో, ఆస్పత్రుల్లో చిన్న జీతాలతో పనిచేసే ఇళ్లకు ఈ డబ్బు చాలా పెద్ద ఆసరాగా ఉండేది.

లెక్క కట్టే తీరు: ఒక కుటుంబం, నాలుగు అంకెలు

2016-17 నుంచి 2019-20 వరకు ట్యాక్స్ క్రెడిట్ రేట్లలో చాలా వాటిని ప్రభుత్వం మార్చకుండా ఉంచేసింది. అందుకే ఉదాహరణకు ఆ సంవత్సరాలు బాగా పనికొస్తాయి. రేట్లు మారవు గనుక జీతం మారితే ఏమవుతుందో మాత్రమే కనిపిస్తుంది.

భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న ఇల్లు అనుకుందాం. ఒక్కరే వారానికి 35 గంటలు పనిచేస్తున్నారు. ముందుగా ఆ కుటుంబానికి గరిష్ఠంగా ఎంత రావచ్చో కూడతారు. వర్కింగ్ ట్యాక్స్ క్రెడిట్ మూల మొత్తం 1,960 పౌండ్లు, జంట కాబట్టి 2,010, వారానికి 30 గంటలు దాటి పని ఉంది కాబట్టి 810. పిల్లలున్న కుటుంబానికి 545, ఒక్కో బిడ్డకు 2,780. మొత్తం 10,885 పౌండ్లు.

తర్వాత కోత. ఏడాదికి 6,420 పౌండ్ల ఆదాయం దాకా కోత ఉండదు. అది దాటిన ప్రతి పౌండుకూ 41 పెన్నీలు తగ్గిస్తారు. ఇక్కడ చూసేది చేతికొచ్చే జీతం కాదు, పన్ను కోయకముందు జీతం. పెన్షన్‌కు కట్టినది మాత్రం తీసేస్తారు. ఇద్దరి ఆదాయమూ కలుపుతారు. వడ్డీ, అద్దె, విదేశాల్లో వచ్చే ఆదాయం లాంటివన్నీ కలిపి 300 పౌండ్లు దాటితే ఆ పైమొత్తం కూడా లెక్కలోకి వస్తుంది. అంటే హైదరాబాద్‌లోని ఫ్లాట్ అద్దె, విజయవాడ బ్యాంకులోని ఫిక్స్‌డ్ డిపాజిట్ వడ్డీ కూడా చూపించాల్సినవే.

మన ఉదాహరణలోని ఇంటి జీతం నెలకు 1,500, ఏడాదికి 18,000 పౌండ్లు. 18,000లో 6,420 తీసేస్తే 11,580. దాంట్లో 41 శాతం 4,748. గరిష్ఠం 10,885 నుంచి అది తీసేస్తే ఏడాదికి 6,137 పౌండ్లు, నెలకు దాదాపు 511. ఇంటి అద్దెలో మంచి భాగం దీంతోనే తీరిపోతుంది.

చిక్కుకు మూలం: పోయినేడాది జీతం మీద ఈ ఏడాది సాయం

ఏప్రిల్‌లో కొత్త పన్ను సంవత్సరం మొదలైనప్పుడు ఈ ఏడాది ఎంత సంపాదిస్తారో ఎవరికీ తెలియదు. అందుకే హెచ్‌ఎంఆర్‌సీ పోయినేడాది ఆదాయాన్ని పట్టుకుని చెల్లింపులు మొదలుపెట్టేది. ఏడాది ముగిశాక అసలు ఆదాయం చూసి, నిజంగా ఎంత రావాల్సిందో తేల్చేది. తక్కువ ఇచ్చి ఉంటే మిగతాది ఇచ్చేది. ఎక్కువ ఇచ్చి ఉంటే ఆ తేడానే ఓవర్‌పేమెంట్, అంటే తిరిగి కట్టాల్సిన బాకీ.

ఆదాయం కొంచెం పెరిగినందుకే బాకీ పడకుండా ఒక వెసులుబాటు పెట్టారు. పోయినేడాది కంటే ఈ ఏడాది ఆదాయం 2,500 పౌండ్ల వరకు పెరిగితే ఈ ఏడాదికి ఆ పెంపును పట్టించుకోరు. అంతకంటే పెరిగితే, పైన ఉన్న మొత్తాన్ని మాత్రమే లెక్కిస్తారు.

మన కుటుంబం ఆదాయం 18,000 నుంచి 20,000కి పెరిగిందనుకోండి. పెంపు 2,000 మాత్రమే కాబట్టి ఈ ఏడాది సాయం 6,137లో మార్పు లేదు. వచ్చే ఏడాది మాత్రం 20,000 మీద లెక్క కడతారు. అప్పుడు 5,317 వస్తుంది, 820 తగ్గుతుంది. వెసులుబాటు కోతను ఒక ఏడాది వాయిదా వేస్తుందే తప్ప రద్దు చేయదు.

ఈ వాయిదాలో కూడా ఒక చిన్న బాకీ దాగి ఉంది. రెన్యువల్‌కు గడువు జూలై 31గా ఉండేది. కొత్త ఏడాది ఏప్రిల్ నుంచి రెన్యువల్ అయ్యేదాకా పాత వివరాల మీదే, పాత రేటులోనే డబ్బు పడుతుంది. జూలై చివరిదాకా ఆగితే నాలుగు నెలల్లో దాదాపు 273 పౌండ్లు ఎక్కువ వచ్చేస్తుంది. అది మిగతా నెలల చెల్లింపుల్లో సర్దుబాటవుతుంది. రెన్యువల్ ఏప్రిల్‌లోనే చేసినవాళ్లకు ఈ బాధ దాదాపు లేదు.

అక్టోబరులో జీతం పెరిగితే ఏప్రిల్ నుంచే బాకీ

అందరినీ తికమకపెట్టేది ఇదే. మన కుటుంబంలో 2017 ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు జీతం నెలకు 1,500. అక్టోబరులో ప్రమోషన్ వచ్చి 2,500 అయింది. ఆ ఏడాది మొత్తం ఆదాయం ఆరు నెలలకు 9,000, ఆరు నెలలకు 15,000, కలిపి 24,000 పౌండ్లు.

పోయినేడాది కంటే 6,000 ఎక్కువ. వెసులుబాటు 2,500 పోను 3,500 లెక్కలోకి వస్తుంది. దానిలో 41 శాతం 1,435 పౌండ్లు. అంటే ఆ ఏడాదికి వాళ్లకు రావాల్సింది 6,137 కాదు, 4,702. ఎవరూ ఏమీ చెప్పకుండా ఏడాది గడిచిపోతే 1,435 పౌండ్ల బాకీ.

‘జీతం పెరిగింది అక్టోబరులో కదా, ఆ నెలలోనే చెప్పేస్తే బాకీ ఉండదు కదా’ అనిపిస్తుంది. కానీ ఈ లెక్కకు నెలలతో పని లేదు, మొత్తం సంవత్సరంతోనే పని. సెప్టెంబరు ముగిసేసరికి వాళ్లకు 3,069 పౌండ్లు వచ్చేశాయి. ఏడాదికి రావాల్సింది 4,702 కాబట్టి మిగిలిన ఆరు నెలలకు ఉన్నది 1,633 మాత్రమే. అంటే నెలకు 511 వస్తున్న చోట దాదాపు 272కి పడిపోవాలి. ఏప్రిల్, మే నెలల్లో నిజంగానే 1,500 జీతంతో ఇల్లు నడిపినప్పుడు తీసుకున్న సాయంలో కూడా కొంత ‘ఎక్కువ ఇచ్చినది’గా మారిపోయింది. అప్పట్లో ఆ డబ్బు వాళ్లకు అక్షరాలా అవసరమే. ఆ తర్వాత వచ్చిన జీతం ఆ నెలల లెక్కను వెనక్కి వెళ్లి మార్చేసింది.

ఒక్క పెంపుకు రెండు సంవత్సరాల బాకీ

కథ అక్కడితో ఆగదు. 2018-19లో జీతం నెలకు 2,500 చొప్పున పన్నెండు నెలలూ వస్తుంది, ఏడాదికి 30,000. కొత్తగా ఇంక్రిమెంట్ ఏమీ రాలేదు. కానీ లెక్క దృష్టిలో ఆదాయం 24,000 నుంచి 30,000కి, మళ్లీ 6,000 పెరిగింది.

రెన్యువల్‌లో చెప్పిన 24,000 మీద 3,677 పౌండ్లు మంజూరవుతుంది. ఏడాది చివర అసలు లెక్కలో రావాల్సింది 2,242. మళ్లీ అదే 1,435 తేడా. ఒకే ఒక్క ప్రమోషన్ రెండు పన్ను సంవత్సరాల మీదుగా నడిచి, చెప్పకపోతే 2,870 పౌండ్ల బాకీ పెడుతుంది. ‘పోయినేడాది తేల్చేశారు కదా, మళ్లీ ఈ ఉత్తరం ఎందుకు’ అని అడిగినవాళ్లకు జవాబు ఇదే. ఆదాయం నిలకడగా ఉన్న 2019-20లో గానీ లెక్క కుదుటపడదు. అప్పుడు వచ్చే సాయం 1,217 పౌండ్లు.

ఇంతా చేసి జీతం పెరగడం నష్టమా? కాదు. కానీ మిగిలేది తక్కువే. ఆ రోజుల్లో పెరిగిన ప్రతి 100 పౌండ్లలో ఇన్‌కమ్ ట్యాక్స్ 20, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసే సామాజిక భద్రతా చెల్లింపు) 12, ట్యాక్స్ క్రెడిట్ కోత 41. చేతిలో నిలిచేది 27. అది కూడా ఒకేసారి తేలదు. ముందు 68 చేతికొచ్చి ఖర్చయిపోతుంది, ఏడాది తర్వాత 41 వెనక్కి అడుగుతారు. కష్టపెట్టేది కోత కంటే ఆ ఆలస్యమే.

చెప్పాల్సిన బాధ్యత ఉందా, లేదా

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఏడాది మధ్యలో ఆదాయం పెరిగితే వెంటనే చెప్పాలన్న చట్టపరమైన నిబంధన ఉండేది కాదు. రెన్యువల్‌లో సరైన అంకె చెబితే సరిపోయేది. తప్పనిసరిగా ఒక నెలలోపు చెప్పాల్సిన మార్పులు వేరు: జంటగా మారడం లేదా విడిపోవడం, పని గంటలు నిర్ణీత స్థాయికంటే తగ్గడం, పిల్లల సంరక్షణ ఖర్చు బాగా తగ్గడం, బిడ్డ మీద సాయం పొందే అర్హత పోవడం లాంటివి. వాటిని చెప్పకపోతే 300 పౌండ్ల దాకా జరిమానా పడే అవకాశం ఉండేది.

కాబట్టి జీతం పెంపు చెప్పనివాళ్లు నేరం చేసినట్టు కాదు. కానీ చెప్పకపోతే బాకీ పెరుగుతూ పోతుంది. నిబంధన ఏమీ అడగలేదు, బాకీ మాత్రం వదల్లేదు. ఈ రెండింటి మధ్య నలిగింది సామాన్య కుటుంబాలే. ఉత్తరం రాగానే ‘మోసం చేశామని అంటున్నారా’ అని టెన్షన్ పడినవాళ్లకు ఈ తేడా తెలిసి ఉంటే సగం భయం తగ్గేది.

వెసులుబాటు 25,000కి పెరిగి, మళ్లీ 2,500కి ఎందుకు దిగింది

మొదటి సంవత్సరం 2003-04లోనే వ్యవస్థ తడబడింది. దాదాపు 19 లక్షల కుటుంబాలకు ఎక్కువ చెల్లింపులు జరిగాయి. మొత్తం సాయం పొందినవాళ్లలో ఇది సుమారు మూడో వంతు. బాకీ దాదాపు 200 కోట్ల పౌండ్లు. ప్రభుత్వ శాఖల మీద ఫిర్యాదులు విచారించే పార్లమెంటరీ అంబుడ్స్‌మన్ ఆన్ అబ్రహాం 2005లో దీనిమీద నివేదిక ఇచ్చారు. వసూళ్ల వల్ల పేద కుటుంబాలు పడుతున్న కష్టాలను ఆమె పార్లమెంటు ముందు పెట్టారు.

దాంతో 2006 ఏప్రిల్ నుంచి వెసులుబాటును 2,500 నుంచి ఒక్కసారిగా 25,000కి పెంచారు. జీతం పెంపు వల్ల బాకీ పడడం దాదాపు ఆగిపోయింది. మన కుటుంబమే ఆ కాలంలో ఉంటే రెండేళ్లలో ఒక్క పౌండు కూడా బాకీ పడేది కాదు. తర్వాతి ప్రభుత్వాలు దీన్ని ఖరీదైన దయగా చూశాయి. 2011లో 10,000కి, 2013లో 5,000కి, 2016లో తిరిగి 2,500కి దించాయి. 2015 అక్టోబరులో ట్యాక్స్ క్రెడిట్లకు ఇంకా పెద్ద కోతలు పెట్టబోతే పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ అడ్డుపడింది. ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ వాటిని వెనక్కి తీసుకున్నారు. వెసులుబాటు తగ్గింపు మాత్రం నిలిచిపోయింది.

రెండు వైపులా బలమైన వాదనలున్నాయి. ఒకే జీతం తీసుకునే ఇద్దరు పక్కపక్క ఇళ్లలో ఉన్నారనుకోండి. ఒకరికి ఆ జీతం మొదటి నుంచీ ఉంది, మరొకరికి ఈ ఏడాదే వచ్చింది. వెసులుబాటు పెద్దదిగా ఉంటే రెండో ఇంటికి వేల పౌండ్లు ఎక్కువ వస్తాయి. ఇది న్యాయమా అన్నది ఖజానా వైపు ప్రశ్న. కుటుంబాల వైపు మాట ఏమిటంటే, ఇచ్చిన డబ్బు అప్పటికే పిల్లల బూట్లకూ కరెంటు బిల్లుకూ పోయింది, దాన్ని వెనక్కి అడగడమంటే లేనివాళ్లను అప్పుల్లోకి నెట్టడమే.

ఇంకో దారి కూడా ఉండేది. 1999లో వచ్చిన వర్కింగ్ ఫ్యామిలీస్ ట్యాక్స్ క్రెడిట్‌లో ఒకసారి లెక్క కడితే ఆరు నెలలు అదే మొత్తం. జీతం పెరిగినా వెనక్కి అడగరు. కానీ తగ్గినా పెంచరు, ఉద్యోగం పోయినవాళ్లు అలాగే ఆగాలి. నా ఉద్దేశంలో తక్కువ ఆదాయం ఉన్న ఇంటికి అంకె కచ్చితత్వం కంటే నిలకడ ఎక్కువ అవసరం. వచ్చిన డబ్బు తమదేనా కాదా అని ఏడాది తర్వాత తెలిసే పద్ధతిలో ఏ ఇల్లాలూ బడ్జెట్ వేసుకోలేదు.

బాకీ వసూలు, అభ్యంతరం

ట్యాక్స్ క్రెడిట్ వస్తూ ఉన్నప్పుడు బాకీని వాటిలోంచే కోసేవారు. సాధారణంగా 25 శాతం, కుటుంబ ఆదాయం 20,000 పౌండ్లు దాటితే 50 శాతం దాకా. మన కుటుంబానికి 2018-19లో నెలకు 306 రావాల్సి ఉంటే, కోత పోను 153 మాత్రమే వచ్చే అవకాశం ఉంది. అదే నెలల్లో రెండో ఏడాది బాకీ కూడా పోగుపడుతూ ఉంటుంది.

లెక్క తప్పు అనడం, లెక్క సరేగానీ తిరిగి కట్టమనడం న్యాయం కాదనడం, ఇవి రెండు వేర్వేరు దారులు. మొదటిదానికి 30 రోజుల్లో పునఃపరిశీలన అడిగి, తర్వాత ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. రెండోది ఓవర్‌పేమెంట్ వివాదం. మీరు సరైన వివరాలు ఇచ్చినా హెచ్‌ఎంఆర్‌సీ వాటిని సరిగా వాడలేదని చూపించగలిగితే బాకీ మాఫీ కావచ్చు. దీనికి సాధారణ గడువు మూడు నెలలు. రుజువుగా పనికొచ్చేది ఫోన్ చేసిన తేదీ, వచ్చిన మంజూరు పత్రం. జీతం పెంపు వల్ల ఏడాది చివర తేలిన తేడా మాత్రమే అయితే రెండో దారిలో గెలవడం కష్టం. అక్కడ ఆఫీసు తప్పు ఏమీ ఉండదు కదా.

యూనివర్సల్ క్రెడిట్‌కు మారినవాళ్ల పాత బాకీ ఇప్పుడు యూనివర్సల్ క్రెడిట్ నడిపే సంక్షేమ శాఖ డీడబ్ల్యూపీ చేతికి వెళ్లింది. అక్కడ ఇలాంటి కోతలన్నీ కలిపి మూల భత్యంలో సాధారణంగా 15 శాతం దాటకూడదని 2025 ఏప్రిల్ చివర పరిమితి పెట్టారు. అంతకుముందు అది 25 శాతం.

యూనివర్సల్ క్రెడిట్‌లో జీతం పెరిగితే

ఇక్కడ ఏడాది లెక్క లేదు, నెల లెక్క ఉంది. యజమాని పన్ను శాఖకు పంపే జీతం వివరాలు నేరుగా అందుతాయి. చేతికొచ్చే జీతంలో, కొంత మినహాయింపు పోను, ప్రతి పౌండుకూ 55 పెన్నీలు తగ్గుతాయి. జీతం పెరిగిన నెల లెక్కలోనే సాయం తగ్గుతుంది కాబట్టి ఏళ్ల తర్వాత ఉత్తరం రావడం అరుదు. 100 పౌండ్ల పెంపులో పన్ను 20, నేషనల్ ఇన్సూరెన్స్ 8 పోను 72, దానిమీద కోత పోను దాదాపు 32 మిగులుతుంది.

దీని చిక్కు వేరు. ఆస్పత్రుల్లో, కేర్ హోముల్లో పెంపును కొన్ని నెలల ఎరియర్స్‌తో ఒకేసారి ఇస్తారు. ఆ నెల 1,200 పౌండ్లు అదనంగా వస్తే సాయం 660 తగ్గుతుంది. నాలుగు వారాలకోసారి జీతం తీసుకునేవాళ్లకు ఏడాదిలో ఒక నెలలో రెండు జీతాలు పడి, ఆ నెల సాయం కుప్పకూలుతుంది. నెల జీతగాళ్లకు సెలవుల వల్ల జీతం ముందే పడితే వచ్చే ఇదే సమస్య మీద 2020లో అప్పీల్ కోర్టు తీర్పునిచ్చింది. వాళ్లకు నిబంధన సవరించారు, నాలుగు వారాల జీతగాళ్లకు కాదు.

తెలుగు కుటుంబాలు గమనించాల్సిన ఇంకో మార్పు ఉంది. ట్యాక్స్ క్రెడిట్‌కు ఆస్తి పరిమితి ఉండేది కాదు. యూనివర్సల్ క్రెడిట్‌లో 16,000 పౌండ్లు దాటిన పొదుపు ఉంటే సాధారణంగా అర్హత లేదు. ఊళ్లో కొన్న స్థలం, మన దేశపు బ్యాంకుల్లోని డిపాజిట్లు కూడా అందులోకి వస్తాయి. అవి చూపించకపోతే వచ్చే ఓవర్‌పేమెంట్ జీతం పెంపు బాకీ లాంటిది కాదు, దాన్ని దాపరికంగానే చూస్తారు.

పెద్ద జీతాల ఇళ్లలోనూ ఇదే లెక్క

ఐటీ ఉద్యోగులు, డాక్టర్ల ఇళ్లలో ట్యాక్స్ క్రెడిట్ మాట ఎప్పుడూ వినపడి ఉండదు. కానీ పిల్లలున్న ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చే చైల్డ్ బెనిఫిట్ రూపంలో ఇదే పద్ధతి వాళ్లకూ ఎదురవుతుంది. భార్యాభర్తల్లో ఎవరో ఒకరి ఆదాయం 60,000 పౌండ్లు దాటితే, పైన ప్రతి 200 పౌండ్లకూ వచ్చిన చైల్డ్ బెనిఫిట్‌లో 1 శాతం పన్నుగా తిరిగి కట్టాలి. 80,000 చేరితే మొత్తం కట్టాలి. 2024 ఏప్రిల్ వరకు ఈ గీతలు 50,000, 60,000 దగ్గర ఉండేవి.

2025-26 రేట్ల ప్రకారం ఇద్దరు పిల్లలకు ఏడాదికి దాదాపు 2,250 పౌండ్లు వస్తుంది. జీతం 58,000 నుంచి బోనస్‌తో కలిపి 66,000 అయితే 30 శాతం, అంటే సుమారు 675 పౌండ్లు వెనక్కి. ఇక్కడ ఇద్దరి ఆదాయం కలపరు. అందుకే చెరో 59,000 సంపాదించే జంట ఏమీ కట్టదు, ఒక్కరే 80,000 తెచ్చే ఇల్లు మొత్తం కడుతుంది. పెన్షన్‌లో అదనంగా వేస్తే ఆ మేరకు లెక్కలోకి వచ్చే ఆదాయం తగ్గుతుంది. 66,000 ఉన్నవాళ్లు 6,000 పెన్షన్‌కు మళ్లిస్తే కట్టాల్సింది సున్నా.